చిరుగాలికీ కరెంటిచ్చే చిన్న గాలిమర: ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

గాలిమర తిరగడం వేరు, కరెంటు ఇవ్వడం వేరు. పిల్లలు పుల్లకు గుచ్చుకుని పరిగెత్తే కాగితపు గాలిమర కూడా తిరుగుతుంది. నేను చేసిన మొదటి గాలిమర దానికన్నా అన్యాయం. పాత మోటారు ఒకటి దొరికితే, పీవీసీ పైపు కోసి రెక్కలు తగిలించాను. దాని ఇరుసును చేత్తో తిప్పితే టక్కు టక్కుమంటూ ఒక్కో చోట ఆగేది. ఆ ఆగడమే కొంప ముంచుతుందని అప్పట్లో తెలియలేదు. ఆకులు కదిలే గాలికి అది కదలనే లేదు. గాలివాన వచ్చిన రోజు మాత్రం హోరెత్తిపోయింది. ఆ ఊపుకు బ్యాటరీ వైరు ఊడింది, ఒక రెక్క విరిగి గోడ అవతల పడింది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

చిన్న గాలికి కదలకపోవడం, పెద్ద గాలికి ఆగకపోవడం. ఇంట్లో చేసుకునే గాలిమరలు చాలావరకు ఈ రెండింట్లో ఏదో ఒకదానితోనే పాడవుతాయి. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

మనం చేయబోయేది 1.8 మీటర్ల వ్యాసం, మూడు చెక్క రెక్కలు, లోపల ఇనుప కోర్ లేని జనరేటర్, 12 వోల్టుల బ్యాటరీ. రెండు అయస్కాంత పళ్ళాల మధ్య తీగచుట్టలు పెట్టే ఈ పద్ధతిని ఇళ్లలో చేసుకునేవాళ్ల దాకా తెచ్చిన వ్యక్తి స్కాట్లాండ్‌లోని స్కోరైగ్‌లో దశాబ్దాలుగా గాలిమరలు కడుతూ వచ్చిన హ్యూ పిగ్గట్. ఇక్కడి కొలతలు చిరుగాలిని దృష్టిలో పెట్టుకుని నేను వేసుకున్న లెక్కలు.

ముందు గాలి లెక్క

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. చిరుగాలి దగ్గర ఇదే సూత్రం మనకు ఎదురు తిరుగుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో వీచే గాలిలో చదరపు మీటరుకు ఉండేది 16–17 వాట్లే. 4 మీటర్లయితే 39, 5 మీటర్లయితే 77. అందులోనూ 59.3 శాతానికి మించి ఏ రెక్కా లాక్కోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే లెక్క తేల్చాడు. ఇంట్లో చేసిన యంత్రానికి రెక్కలు, జనరేటర్, వైర్లు తినేదంతా పోగా పావు వంతు మిగిలితే బాగా చేసినట్టే.

1.8 మీటర్ల రెక్కల చక్రం దాదాపు రెండున్నర చదరపు మీటర్ల గాలిని ఊడుస్తుంది. పావు వంతు లెక్కన 3 మీటర్ల గాలికి సుమారు 10 వాట్లు, 4 మీటర్లకు 25, 5 మీటర్లకు 50 వాట్ల దాకా ఆశించవచ్చు. నాలుగు ఎల్ఈడీ బల్బులు, రెండు ఫోన్లు, ఒక రేడియోకు ఇది హాయిగా సరిపోతుంది. ఫ్రిజ్ నడుపుదామనుకుంటే మాత్రం ఇక్కడే ఆగిపోవడం మంచిది. "సెకనుకు ఒక మీటరు గాలికే మొదలవుతుంది" అనే ప్రకటనలు చూసి మోసపోకండి. ఆ గాలిలో చదరపు మీటరుకు ఒక్క వాట్ కూడా ఉండదు. లేనిదాన్ని ఏ యంత్రమూ పుట్టించలేదు.

అందుకే గాలి తక్కువ ఉన్నచోట పెంచాల్సింది రెక్కల వ్యాసం. జనరేటర్‌ను పెద్దది చేసి లాభం లేదు.

కొలిచే పరికరం లేకపోతే చెట్లను చూడండి. ఆకులు గలగలమంటూ, ముఖానికి గాలి తగులుతుంటే సెకనుకు 2–3 మీటర్లు. ఆకులతో పాటు సన్నకొమ్మలు ఆగకుండా కదులుతుంటే 3.5 నుంచి 5. దుమ్ము, కాగితాలు లేస్తుంటే 5.5 దాటినట్టు. రోజుకు మూడు పూటలా ఒక నెల పాటు రాసుకోండి. సన్నకొమ్మలు కదలని రోజులే ఎక్కువైతే సోలార్ ప్యానెల్ కొనుక్కోండి, ఈ శ్రమంతా తప్పుతుంది.

ఎక్కడ నిలబెట్టాలి?

ఇంటి కప్పు మీద వద్దు. కప్పు అంచున గాలి సుడులు తిరుగుతుంది, యంత్రం మొహం ఎటు పెట్టాలో తెలియక ఊగిసలాడుతుంది. పైగా దాని మూలుగు గోడల్లోంచి రాత్రంతా వినిపిస్తుంది. చుట్టూ వంద మీటర్లలో ఉన్న చెట్లు, ఇళ్ల కంటే రెక్కలు 10 మీటర్లు పైన ఉండాలన్నది పాత సూత్రం. అంత కుదరకపోయినా, గాలి ఎక్కువగా వచ్చే దిక్కు ఖాళీగా ఉండేలా చూసుకోండి. ఖాళీ నేల మీద కూడా 3 మీటర్ల ఎత్తు నుంచి 12 మీటర్లకు వెళితే గాలి వేగం సుమారు 30 శాతం పెరుగుతుంది. చూడ్డానికి చిన్న అంకె. కానీ ఘనం లెక్క వేస్తే చేతికి వచ్చే శక్తి రెట్టింపు దాటుతుంది. రెక్కల నునుపు కోసం వారం రోజులు తంటాలు పడేకన్నా మూడు మీటర్ల పైపు అదనంగా కలపడం తేలిక.

కావలసినవి

- నియోడిమియం అయస్కాంతాలు 16: ఒక్కొక్కటి 46 × 30 × 10 మి.మీ.
- మామూలు ఇనుప పళ్ళాలు 2: 30 సెం.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం. స్టెయిన్‌లెస్, అల్యూమినియం పనికిరావు. అయస్కాంత బలం ఇనుములోంచే తిరిగి రావాలి.
- బేరింగులతో ఉన్న పాత ట్రైలర్ లేదా కారు చక్రపు హబ్
- 1.5 మి.మీ. వైండింగ్ వైరు, 2 కిలోలు
- పాలిస్టర్ రెసిన్, దాని హార్డెనర్, టాల్కం పొడి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ
- ముడుల్లేని తేలికపాటి చెక్క 3 ముక్కలు: 90 సెం.మీ. పొడవు, 15 వెడల్పు, 5 మందం
- ప్లైవుడ్, ఇనుప పైపులు, పొడవాటి స్టడ్ బోల్టులు, నట్లు, వాషర్లు
- త్రీఫేజ్ బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల పెట్టె), ఫ్యూజు, 12 వోల్టుల బ్యాటరీ, డంప్ లోడ్ కంట్రోలర్ (బ్యాటరీ నిండాక మిగులు కరెంటును హీటర్ తీగలోకి మళ్ళించేది)

కారు ఆల్టర్నేటర్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ అది సరిగా పనిచేయదు, దాని ఫీల్డ్‌కు, అంటే లోపలి విద్యుదయస్కాంతానికి కూడా బ్యాటరీ నుంచే కరెంటు పెట్టాలి. మన రెక్కలు చిరుగాలికి తిరిగేది నిమిషానికి 150–200 చుట్లు. పాత మోటారు దొరికితే ఇరుసు చేత్తో తిప్పి చూడండి. టక్కు టక్కుమని పట్టేస్తుంటే పక్కన పెట్టేయండి. మోటారు లోపలి ఇనుప కోర్ పళ్ళను అయస్కాంతాలు లాగడం వల్లే ఆ పట్టు వస్తుంది. మనం చేసే జనరేటర్‌లో తీగచుట్టల మధ్య ఇనుము ఉండదు, అందుకే ఆ పట్టూ ఉండదు.

మొదటి పని: హబ్, అయస్కాంత పళ్ళాలు

హబ్ విప్పి పాత గ్రీజంతా కిరోసిన్‌తో కడిగేయండి. బండి చక్రానికి వేసే చిక్కటి గ్రీజు మన గాలికి బంకలా అడ్డుపడుతుంది. పల్చటి గ్రీజు కొంచెం వేయండి. రబ్బరు సీల్ గట్టిగా రాసుకుంటుంటే తీసేసి, నీళ్లు పడకుండా బయట ఒక రేకు కప్పు పెట్టండి. బిగించాక వేలితో ఒక్కసారి తోస్తే హబ్ చాలాసేపు తిరుగుతూ ఉండాలి.

ఇక అయస్కాంతాలు. వీటితో ఆటలొద్దు. రెండు కలిస్తే మధ్యలో ఉన్న వేలు నలిగిపోతుంది, అవి చిట్లి ముక్కలు కళ్ళలోకి ఎగురుతాయి. కళ్ళద్దాలు పెట్టుకోండి, బల్ల మీద ఉలులు, స్క్రూలు ఏవీ ఉంచకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకే రాకూడదు.

ఒక్కో పళ్ళానికి ఎనిమిది. 46 మి.మీ. పొడవు కేంద్రం నుంచి అంచు వైపుకు ఉండేలా, అంచుకు ఆనుకుని, సమాన దూరాల్లో అమర్చాలి. ప్లైవుడ్‌లో ఎనిమిది కిటికీలు కోసి పళ్ళెం మీద పెట్టుకుంటే అవి జారకుండా ఉంటాయి. ఉత్తరం, దక్షిణం మార్చి మార్చి రావాలి. చేతిలో ఒక అయస్కాంతం పట్టుకుని వరసగా చూపించండి: ఒకటి లాగాలి, తర్వాతది తోయాలి. వరసగా రెండు లాగితే ఎక్కడో తిరగబడింది. రెండో పళ్ళెంలో దీనికి ఎదురు ధ్రువాలు వచ్చేలా అమర్చి, బోల్టు రంధ్రాల పక్కన గుర్తు పెట్టుకోండి. రెండు పళ్ళాలూ ఒకదాన్నొకటి లాక్కునేలానే నిలబడాలి. అతికించాక చుట్టూ రెసిన్ పోసి, బయటి అంచున ఫైబర్‌గ్లాస్ పట్టీ చుట్టండి. వేగంగా తిరిగేటప్పుడు ఒక్క జిగురును నమ్ముకోవడమంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీవే దిక్కు అన్నట్టే.

రెండో పని: తీగచుట్టలు

ఇక్కడ తొందరపడితే మొత్తం పని పోతుంది. కావలసినవి ఆరు చుట్టలు. మధ్యలో ఖాళీ అయస్కాంతం సైజులో, మందం 13 మి.మీ. చిన్న చెక్కదిమ్మకు అటూ ఇటూ ప్లైవుడ్ బిళ్ళలు బిగించి, చేత్తో తిప్పే పిడి పెడితే చుట్టే యంత్రం తయారు.

ఎన్ని చుట్లు? నా లెక్కలో 80. కానీ మీ అయస్కాంతాల బలం వేరు కావచ్చు, అందుకే ఆరూ చుట్టేయకండి. ముందు ఒక్కటి చుట్టండి. రెండు పళ్ళాలను హబ్ మీద 17 మి.మీ. ఎడంతో బిగించి, చుట్టను కర్రకు కట్టి ఆ సందులో పట్టుకోండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, గడియారం సెకను ముల్లు చూస్తూ సెకనుకు సరిగ్గా ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పండి. మీటరులో అంకె నిలవదు, 0.9 అంటుంది, 1.2 అంటుంది. ఐదారుసార్లు తిప్పి మధ్యస్థంగా తీసుకోండి. 1.1 వోల్టు దగ్గర వస్తే సరిపోయింది. 0.9 మాత్రమే వస్తే 80ని 1.1తో గుణించి 0.9తో భాగించండి. 98 వస్తుంది. మిగిలినవి అన్నే చుట్టాలి.

ఈ 1.1 ఎక్కడిదంటే: బ్యాటరీలోకి కరెంటు దిగాలంటే డయోడ్లలో పోయేది కలుపుకుని దాదాపు 14 వోల్టులు కావాలి. మన రెక్కలు 3 మీటర్ల గాలికి నిమిషానికి 160 చుట్ల దగ్గర హాయిగా పనిచేస్తాయి. ఆ వేగంలో 14 వోల్టులు దాటాలంటే, ఒక్కో చుట్ట సెకనుకు ఒక తిరుగుడికి ఇంత ఇవ్వాలి.

"ఇంకో నలభై చుట్లు ఎక్కువ చుడితే ఇంకా చిన్న గాలికే చార్జింగ్ మొదలవుతుంది కదా" అనిపిస్తుంది. నాకూ అనిపించింది, చుట్టాను కూడా. నిజంగానే తొందరగా మొదలైంది. కానీ గాలి పెరిగినా రెక్కలు వేగం అందుకోలేదు. బ్యాటరీ వోల్టేజీ వాటిని తాడు కట్టినట్టు పట్టి ఉంచింది. రెక్క చుట్టూ గాలి జారిపోకుండా విడిపోయి, 5 మీటర్ల గాలికి రావాల్సినది సగం కూడా రాలేదు. తిరగడం వేరు, కరెంటు ఇవ్వడం వేరు అని మొదట అన్నది ఇందుకే.

ఆరు చుట్టలనూ ఒకే దిశలో చుట్టి, 1 నుంచి 6 వరకు అంకెలు వేసి, గుండ్రంగా సమాన దూరాల్లో పేర్చండి. అన్నింటి ముఖాలూ ఒకే వైపు ఉండాలి. 1వ చుట్ట చివరను 4వ దాని మొదటికి, 2ను 5కు, 3ను 6కు కలపండి. 4, 5, 6 చివరలు మూడింటినీ ఒకచోట ముడివేయండి. 1, 2, 3 మొదళ్ళు బయటికి వస్తాయి, అవే మన మూడు ఫేజులు. తీగ మీది వార్నిష్‌ను గీకకుండా సోల్డర్ చేస్తే అది అంటుకోదు. అంటుకున్నట్టు కనిపించి తర్వాత దగా చేస్తుంది.

రెసిన్ పోసేందుకు ప్లైవుడ్‌లో 36 సెం.మీ. గుండ్రని అచ్చు, మధ్యలో హబ్ స్టడ్లు తగలకుండా రంధ్రం. అచ్చుకు మైనం బాగా పట్టించండి. కింద గుడ్డ, పైన చుట్టలు, టాల్కం కలిపిన రెసిన్, మళ్ళీ గుడ్డ, పైన మూత. టాల్కం రెసిన్ వేడెక్కకుండా చూస్తుంది. బిగించడానికి మూడు చోట్ల చెవులు వదలండి. ఆరుబయటే చేయండి, ఆ వాసన తలకెక్కుతుంది.

చుట్టలున్న ఈ రెసిన్ బిళ్ళే స్టేటర్. అది గట్టిపడ్డాక మొదటి పళ్ళెం, స్టేటర్, రెండో పళ్ళెం వరసగా కూర్చాలి. రెండో పళ్ళాన్ని చేత్తో దించబోకండి. వందకు పైగా కిలోల బలంతో లాక్కుంటుంది. పళ్ళెంలో మూడు రంధ్రాలకు మరలు కోయించి, పొడవాటి బోల్టులు దూర్చి, వాటిని అర తిప్పు చొప్పున వదులుతూ దింపండి. స్టేటర్‌కు రెండు వైపులా రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మూడు వైర్లనూ రెక్టిఫయర్‌కు కలిపి సెకనుకు రెండు చుట్లు తిప్పితే డీసీ 9 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఎక్కువొస్తే స్టడ్ల మీద ఒక్కో వాషర్ వేసి సందు పెంచండి. ఈ వెసులుబాటు ఉంది కాబట్టే రెండు మూడు చుట్లు ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ మాత్రం కాకూడదు.

మూడో పని: రెక్కలు

నాకు ఈ మొత్తంలో ఇష్టమైన పని ఇదే. చెక్కలో నార నిలువుగా, చివరి దాకా తెగకుండా ఉండాలి. మూడూ ఒకే దూలంలోంచి కోయించుకుంటే బరువు తేడా రాదు.

రెక్కలో గాలి వైపు ముఖం చదునుగా, వెనక ముఖం చేప వీపులా ఉంటుంది. తిరిగేటప్పుడు ముందు నడిచే అంచు చెక్క అసలు ముఖం దగ్గరే ఉంటుంది. వెనక అంచు మాత్రం గాలి పోయే వైపుకు కిందికి దిగుతుంది. ఎంత దిగాలన్నదే రెక్క మెలిక. కేంద్రం నుంచి దూరాన్ని బట్టి కొలతలు ఇవి:

- 22 సెం.మీ. దగ్గర: వెడల్పు 15 సెం.మీ., దింపు 40 మి.మీ.
- 45 దగ్గర: వెడల్పు 13, దింపు 24 మి.మీ.
- 67 దగ్గర: వెడల్పు 10, దింపు 11 మి.మీ.
- 90, అంటే కొస దగ్గర: వెడల్పు 7, దింపు 5 మి.మీ.

ముందు వెడల్పులు గీసి రంపంతో కోయండి. తర్వాత వెనక అంచు పక్క ముఖం మీద దింపు గుర్తులు పెట్టి గీతతో కలపండి. ముందు అంచు నుంచి ఆ గీత దాకా చదునుగా పోయేలా చెక్కడం మొదలుపెట్టండి. మొదలు దగ్గర లోతు ఎక్కువ, అక్కడ బాడిసెతో లేదా ఉలితో పెద్ద పెచ్చులు తీసి, కొస వైపు చిత్రిక పట్టండి. చిత్రికను నారకు ఎదురు తోస్తే పెచ్చు లేచిపోతుంది, అప్పుడు అటు తిప్పి తోయండి. ప్రతి గుర్తు దగ్గరా స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. స్కేలు కింద వెలుగు గీత కనిపించకపోతే ఆ చోట పని అయినట్టే.

ఇప్పుడు వెనక ముఖం. మందం వెడల్పులో ఎనిమిదో వంతు చాలు: కొస దగ్గర 9 మి.మీ., మధ్యలో 16. అన్నిటికన్నా మందమైన చోటు ముందు అంచు నుంచి మూడో వంతు లోపల ఉండాలి. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు సన్నగా, మిల్లీమీటరు లోపుకు తెండి. మొదలు దగ్గర వెడల్పు ఎక్కువ ఉంచింది ఊరికే కాదు, ఆగి ఉన్న చక్రాన్ని చిరుగాలికి కదిపేది ఆ మొదలే. బరువు తగ్గుతుందని దాన్ని కోసేయకండి.

సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్ది, రెండు మూడు పూతలు పెయింట్ వేయండి. ముఖ్యంగా కొసల్లోకి నీళ్లు దిగకూడదు. మొదళ్ళను 120 డిగ్రీల కోణంలో కోసి దగ్గరకు చేర్చి, ముందూ వెనకా ప్లైవుడ్ బిళ్ళలతో స్క్రూలు బిగించండి. బిగించేముందు ఒక కొస నుంచి ఇంకో కొసకు కొలవండి. మూడు దూరాలూ 156 సెం.మీ. దగ్గర సమానంగా రావాలి.

బ్యాలెన్స్ గాలి లేని గదిలో చూసుకోవాలి. చక్రాన్ని హబ్‌కు బిగించి నిలువుగా పెట్టి వదలండి. ప్రతిసారీ ఒకే రెక్క కిందికి వచ్చి ఆగితే అది బరువు. ఎదురు వైపు బిళ్ళకు చిన్న సీసపు ముక్క స్క్రూతో బిగించండి. ఎలా తిప్పి వదిలినా ఎక్కడ పడితే అక్కడ ఆగాలి.

పీవీసీ పైపు రెక్కల గురించి: అరపూటలో తయారవుతాయి, ఒక మీటరు వ్యాసం బొమ్మకు బాగానే ఉంటాయి. ఇంత వ్యాసానికి మాత్రం వద్దు, ఎండకు పెళుసెక్కి విరుగుతాయి. నిలువు ఇరుసుతో, డ్రమ్ము సగానికి కోసినట్టుండే సావోనియస్ రకం కూడా చిరుగాలికి సులువుగా కదులుతుంది. కానీ నెమ్మదిగా తిరుగుతుంది, అదే కరెంటుకు ఎన్నో రెట్లు ఎక్కువ రేకు, బరువు కావాలి. నీళ్లు తోడటానికి పనికొస్తుందేమో గానీ బ్యాటరీకి నేను వాడను.

నాలుగో పని: తోక, కాపాడేది ఇదే

5 మీటర్ల గాలికి 50 వాట్లిచ్చే యంత్రం 10 మీటర్లకు 400 వాట్లు ఇవ్వబోతుంది. మన స్టేటర్ ఆ వేడికి మాడిపోతుంది. అందుకే గాలి హద్దు దాటగానే యంత్రం దానంతట అదే మొహం తిప్పుకోవాలి.

చక్రం ఇరుసును స్తంభం మధ్యగీతకు సూటిగా కాకుండా 8 సెం.మీ. పక్కకు జరిపి వెల్డింగ్ చేయించండి. గాలి తోపుకు చక్రం ఎప్పుడూ పక్కకు తిరగాలని చూస్తుంది, తోక దాన్ని నిలబెడుతుంది. తోకను కీలు మీద వేలాడదీయాలి. ఆ కీలు నిలువుగా కాక సుమారు 20 డిగ్రీలు వాలి ఉండాలి. అలా ఉంటే తోక పక్కకు మడిచినప్పుడు పైకి లేస్తుంది, వదిలితే బరువుకు మళ్ళీ దిగుతుంది. మామూలు గాలిలో బరువు గెలుస్తుంది, పెద్ద గాలిలో తోపు గెలిచి చక్రం తోక పక్కకు ముడుచుకుంటుంది. తోక కర్ర 90 సెం.మీ., చివర 40 × 30 సెం.మీ. పల్చటి ప్లైవుడ్. గాలి ఎక్కువైనా ముడవకపోతే తోక బరువు తగ్గించండి, తొందరగా ముడుస్తుంటే కాస్త పెంచండి. తోక రెక్కలకు తగలకుండా రెండు వైపులా ఇనుప అడ్డులు పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.

యంత్రం స్తంభం మీద తిరగడానికి పైపులో పైపు, మధ్యలో గ్రీజు చాలు. మూడు వైర్లు పైపులోంచి నేరుగా కిందికి దిగితే సరి, వేరే ఏర్పాట్లు అక్కర్లేదు. కింద ఒక ప్లగ్ పెట్టుకుంటే మెలికలు పడినప్పుడు విప్పుకోవచ్చు.

ఐదో పని: వైరింగు

మూడు వైర్లు కిందికి రాగానే ముందు ఒక బ్రేకు స్విచ్, తర్వాత రెక్టిఫయర్, ఫ్యూజు, బ్యాటరీ. బ్రేకు స్విచ్ చేసేది మూడు ఫేజులనూ ఒకదానికొకటి షార్ట్ చేయడం. అలా చేయగానే రెక్కలు బురదలో దిగినట్టు నెమ్మదిస్తాయి. దీన్ని వేసి ఉంచే స్తంభం ఎత్తాలి, దించాలి. స్తంభం నుంచి బ్యాటరీకి 20 మీటర్లుంటే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తక్కువ కాకుండా వాడండి. 12 వోల్టుల్లో సన్న వైరు సగం కరెంటును దారిలోనే తాగేస్తుంది.

సోలార్ చార్జ్ కంట్రోలర్‌ను మధ్యలో పెట్టకండి. బ్యాటరీ నిండగానే అది లైను తెంచేస్తుంది. ప్యానెల్‌కు ఏమీ కాదు, గాలిమరకు మాత్రం పట్టు వదిలిపోయి రెక్కలు పిచ్చెక్కినట్టు తిరుగుతాయి. నా మొదటి రెక్క ఎగిరిపోయింది సరిగ్గా ఇలాగే. డంప్ లోడ్ కంట్రోలర్ 14.4 వోల్టుల దగ్గర మిగులును 300–400 వాట్లు తట్టుకునే హీటర్ తీగలోకి మళ్ళిస్తుంది, గాలిమర మీద బరువు ఎప్పుడూ తగ్గదు. ఆ తీగ ఎర్రగా కాలుతుంది, దగ్గర్లో గుడ్డ, చెక్క ఉండకూడదు. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. లెడ్ బ్యాటరీ అయితే గాలాడే చోట పెట్టండి.

ఎత్తే రోజు

అడుగున కీలు ఉండి, పక్కకు పడుకోబెట్టి లేపగలిగే పైపు స్తంభం మంచిది. నాలుగు వైపులా ఉక్కు తాళ్ళు రెక్కలకు తగలనంత కిందికి కట్టి, నేలలో కాంక్రీటు దిమ్మలకు బిగించండి. ముందు యంత్రం లేకుండా ఉత్త స్తంభాన్ని ఒకసారి ఎత్తి దించి చూడండి. ఏ తాడు బిగుసుకుంటుందో, ఏది వదులవుతుందో అప్పుడే తెలుస్తుంది. తలలో యంత్రం పెట్టుకుని నేర్చుకునే పాఠం కాదది. కరెంటు లైన్లకు స్తంభం పడినా తగలనంత దూరం ఉండాలి. పిడుగుల కోసం స్తంభానికి ఎర్త్ రాడ్ వేయండి.

గాలి లేని ఉదయం, బ్రేకు వేసి, కనీసం ముగ్గురు మనుషులతో ఎత్తండి. స్తంభం కింద ఎవరూ నిలబడకూడదు. రసమట్టంతో స్తంభం నిలువు చూడండి. అది ఒరిగి ఉంటే యంత్రం చిరుగాలిలో గాలిని వదిలేసి పల్లం వైపే మొహం పెట్టుకుని కూర్చుంటుంది. తర్వాత బ్యాటరీ కలిపి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని బ్రేకు తీయండి.

మొదటి రోజంతా అమ్మీటర్‌తో పాటు చెవులు కూడా అప్పగించండి. బాగున్న యంత్రం సన్నగా బుసకొడుతుంది. ధడధడమంటే బ్యాలెన్స్ సరిలేదు. గర్రుమని రాసుకుంటుంటే స్టేటర్‌కు పళ్ళెం తగులుతోంది, వెంటనే బ్రేకు వేయండి. రెక్కలు బాగా తిరుగుతూ అమ్మీటర్ సున్నా చూపిస్తే ముందు ఫ్యూజు చూడండి. గాలి ఉన్నా చక్రం మొరాయిస్తూ తిరుగుతుంటే ఒక డయోడు షార్ట్ అయ్యుంటుంది. మూడు వైర్లనూ రెక్టిఫయర్ నుంచి విప్పగానే చక్రం స్వేచ్ఛగా తిరిగిందంటే దొంగ దొరికినట్టే. కానీ విప్పే పని చాలా తక్కువ గాలిలోనే చేయండి.

నెల తర్వాత ఒకసారి, ఆపైన ఏడాదికి రెండుసార్లు స్తంభం దించండి. నట్లు, తాళ్ళ క్లాంపులు బిగించి, రెక్కల ముందు అంచున పెయింట్ లేచిందేమో చూడండి. ఆ అంచుకే వాన చినుకుల దెబ్బ ఎక్కువ. కింద ప్లగ్ ఊడదీసే ముందు బ్రేకు వేయాలి. అయితే ఆ బ్రేకు స్విచ్ ప్లగ్‌కు పైన, స్తంభం వైపే ఉండాలి. కిందుంటే ప్లగ్ ఊడగానే బ్రేకు కూడా ఊడుతుంది. నేను మొదట దాన్ని గదిలో బ్యాటరీ పక్కన పెట్టి, వైరు మెలికలు విప్పబోయిన రోజు మళ్ళీ స్తంభం దగ్గరకు మార్చుకున్నాను.